డబుల్ క్లిక్ చేసిన వేలు

నర్సీపట్నంలో కంప్యూటర్ మౌస్ పట్టిన మొదటి మనిషిని నేనే. సరే, మా ఆఫీసులో మొదటివాణ్ణి. నిజానికి మూడోవాణ్ణి, మేమున్నదే ముగ్గురం. తొంభైల చివర మూడు రోజుల ట్రైనింగులో నాకు బుర్రకెక్కింది ఒక్కటే: ఏది కావాలన్నా టకటకా రెండుసార్లు నొక్కాలి.

కొన్నేళ్ళకు మా ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళికని ఇద్దరం విశాఖ స్టేషన్‌కి వెళ్ళాం. మాది వెయిటింగ్ లిస్టు టిక్కెట్టు. బెర్తు దొరికిందో లేదో చెప్పే టచ్ స్క్రీన్ మిషను అక్కడ కొత్తగా పెట్టారు. దాని చుట్టూ మౌస్ కోసం వెతికి, లేదని తేలాక వేలితోనే టిక్కెట్టు నంబరు కొట్టాను. తప్పు నంబరంది. మళ్ళీ కొట్టినా అదే మాట. రైలుకి పావుగంటే ఉంది.

“టిక్కెట్టే దొంగది. ఇంటికెళ్ళిపోదాం పద,” అన్నాను. మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వెనకాల చేపల బుట్టతో నిలబడ్డావిడ ఉండబట్టలేక అడిగింది. “ఏటి బాబూ, ఒకో అంకె రెండేసిసార్లు నొక్కుతన్నారు?”

“కంప్యూటర్‌ని అలాగే నొక్కాలమ్మా. నేను ట్రైనింగయ్యాను.”

“మీరయ్యారు, అది అవనేదు కదా బాబూ! ఒక్కపాలి నొక్కి సూడండి, బేగి!”

పది అంకెల చోటు నా మొదటి ఐదు అంకెలకే నిండిపోతోందని అప్పుడు అర్థమైంది. మా ఆవిడ నన్ను పక్కకు తోసి, ఒక్కో అంకెనూ ఒక్కసారే తాకింది. బెర్తు ఖాయం!

ఊరొచ్చాక, చెడిపోయిన మిషన్ని నేనే బాగుచేశానని అందరికీ చెప్పుకున్నాను. మా ఆవిడ ఇన్నేళ్ళూ కాదనలేదు. ఆ ఊరుకోవడమే నన్ను పొడుస్తుంటే, ఇది రాసి మొదట ఆవిడకే వినిపించాను.

“పాపం, ఆ చేపలావిడకి ఒక్క మంచిమాట చెప్పకుండా రైలెక్కేశారు. అదీ రాయండి,” అంది.

రాశాను.