మేకు లేని పడవల ఊరు

వరంగల్‌లో పుట్టి, వరంగల్‌లోనే ఇనుప సామాను అమ్ముకుంటూ, యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా చెరువును మించిన నీళ్ళు చూడని మనిషి సముద్రం ఒడ్డున కాపురం పెట్టబోతే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు మన బజారులో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాను. వాళ్ళు నాలాగా నవ్వులపాలు కాకుండా ఉంటే చాలు.

నా భార్య నర్సమ్మకు దమ్ము జబ్బు ఉంది. చలి మొదలైతే ఊపిరి అందదు. చలి తగ్గిందనుకునేలోపల మా ఇంటి వెనక మార్కెట్‌లో మిరపకాయల బస్తాలు దిగుతాయి. ఆ ఘాటు పడక ఆమె ఉగాది దాటేదాకా గోడకు చేరగిలబడే ఉంటుంది. పోయిన ఏడు దవాఖానలో డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "సేటూ, మందులు ఎన్నైనా ఇస్తాను. గాలి మారకపోతే ఈమె ఇంకో రెండు చలికాలాలు తట్టుకోవడం కష్టం. సముద్రం పక్కకు తీసుకుపోండి. తీర్థానికి పోయి వచ్చినట్టు నాలుగు రోజులు కాదు, పన్నెండు నెలలూ అక్కడే ఉండాలి."

పన్నెండు నెలలా! దుకాణం వదిలి నేను పదిరోజులు ఎక్కడా ఉండి ఎరగను. తమ్ముడు లక్ష్మయ్య మాత్రం వెంటనే, "దుకాణం నేను చూసుకుంట అన్నా. నీకెందుకు ఫికర్? వదినె పాణం కంటె ఎక్కువనా?" అన్నాడు. సరే అన్నాను. అయితే చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు. పొద్దున నాలుగు గంటలు చిన్న ఇనుప దుకాణం నడుపుతాను, మిగతా పొద్దంతా గాలి పీలుస్తాను అని లెక్క వేసుకున్నాను.

గోనె సంచుల బేరానికి ఏటా మా ఊరు వచ్చే సన్యాసిరావు గారిది భీమునిపట్నం. ఆయనకు ఇల్లు చూడమని రాశాను. రెండు ఇళ్ళున్నాయని జవాబు వచ్చింది. ఒకటి లోపలి వీధిలో, మెట్టమీద, మంచినీళ్ళ బావితో. రెండోది అచ్చంగా సముద్రం ఎదురుగా. దాని అద్దె మొదటిదాంట్లో సగం. నాకు నవ్వొచ్చింది. మా వైపు చెరువు కింద మడి ఉన్నవాడే మోతుబరి. నీళ్ళకు ఎంత దగ్గరైతే భూమికి అంత విలువ. అలాంటిది అంత పెద్ద నీళ్ళ పక్కన ఇల్లు సగం అద్దెకా! వీళ్ళకు బేరం తెలియదనుకున్నాను. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని తెల్లారేసరికి సముద్రం వైపుదే కావాలని కార్డు రాసి పడేశాను.

దసరా వెళ్ళిన నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి వరంగల్‌లో పాసింజరు ఎక్కాం. మూడో తరగతి. మాతో ఒక ట్రంకు, పరుపుచుట్ట, జొన్నపిండి డబ్బా, రెండు జాడీల పచ్చడి. బ్రేకు వ్యానులో వేసిన సామాను వేరు: రెండు కొయ్యపెట్టెల నిండా తాళాలు, గొళ్ళాలు, మడత బందులు, గొలుసులు. రెండో పెట్టెలో సగం జానెడేసి మేకులే. సముద్రం ఊళ్ళో పడవలు ఉంటాయి, పడవలకు మేకులు కావాలి కదా అని ప్రత్యేకంగా చేయించాను. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకు బెజవాడలో దిగాం. స్టేషను బయట భోజనం బాగుంది, పప్పులో కారమే తక్కువ. సాయంత్రం వాల్తేరు వైపు బండి ఎక్కేసరికి జనం కిటకిట. అనకాపల్లి బెల్లం వర్తకుడు ఒకాయన జరిగి నర్సమ్మకు చోటిచ్చాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "భీమిలి చూడ్డానికి ఎల్తారు గానీ, కాపురానికి ఎల్తారేటండీ?" అన్నాడు. కుళ్ళుకుంటున్నాడనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆరున్నరకు వాల్తేరు. కాఫీ తాగి, పెట్టెలు విడిపించుకుని తొమ్మిదింటి బస్సు పట్టుకున్నాం. పెట్టెల బరువుకు కండక్టరు సణిగాడు. పదిన్నరకు భీమిలి చేరాం. సన్యాసిరావు గారు బస్సు దగ్గరే ఉన్నారు. బండి మాట్లాడి మమ్మల్ని ఇంటికి తీసుకుపోతుంటే సందు మలుపు దగ్గర ఒక్కసారిగా సముద్రం కనబడింది.

దాన్ని చూసి సంతోషించానని రాస్తే అబద్ధం. నా గుండె గుభేలుమంది. కళ్ళు ఎంత దూరం పోతే అంత దూరం నీళ్ళు. ఆ నీళ్ళు మన మీదికే లేచి వస్తున్నాయి. ఆపడానికి ఏమీ లేదు. "దీనికి కట్ట ఏదండీ?" అని అడిగాను. సన్యాసిరావు గారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

ఇల్లు చూసి ఇంకా బిత్తరపోయాను. పక్కనున్న నాలుగు ఇళ్ళూ సముద్రానికి వీపు పెట్టి ఉన్నాయి. అటువైపు కిటికీ కూడా లేదు. మాదొక్కటే నోరు తెరుచుకుని నీళ్ళకేసి చూస్తోంది. ఒకప్పుడు అది పడవ సరుకు దించుకునే గోదాం అట. "మీరు కావాలని రాసేరు కదా. నేనూ ఆశ్చర్యపోయేను" అన్నారు సన్యాసిరావు గారు. నేను గంభీరంగా తలాడించాను. తప్పు ఒప్పుకోవడం నా జాతకంలో లేదు.

మొదటి వారం గాలితో యుద్ధం. అన్నంలో ఇసుక, మంచంలో ఇసుక, చెవుల్లో హోరు. రెండు వైపులా ఎండుచేపల వాసన. మా ఇంట్లో ఉల్లిపాయ తరిగితేనే మా అమ్మ స్నానం చేసేది. నర్సమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రెండు రోజుల్లో తిరుగుముఖం పడుతుందనుకున్నాను.

నాలుగో రోజు ముందుగదిలో దుకాణం తెరిచాను. తాళాలు తోరణంలా వేలాడదీశాను, మేకులు పళ్ళెంలో పోశాను. ఎనిమిదో రోజు ఉదయం ఒక పెద్దమనిషి తాళం అడిగితే తీసి చెవి తిప్పాను. తిరగలేదు. ఇంకోటి తీశాను, అదీ బిర్రబిగుసుకుంది. చేతులు చూసుకుంటే గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా తుప్పు. పళ్ళెంలో మేకులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నలభై ఏళ్ళు ఇనుము అమ్మినవాణ్ణి, ఎనిమిది రోజుల్లో సరుకు మొత్తం నా కళ్ళముందే చచ్చిపోతుంటే నిలబడి చూశాను. ఆ పెద్దమనిషి, "మేం ఇత్తడివే వాడతాం లెండి" అని మర్యాదగా వెళ్ళిపోయాడు.

పోనీ జానెడు మేకులైనా పనికిరావా అని, వాటిని ఆముదంతో తుడిచి, గోనెపట్టాలో చుట్టుకుని ఆ సాయంత్రం పడవల దగ్గరికి పోయాను. ఇంటి పక్కనే ఉండే అప్పన్న ఒక పెద్ద పడవను బోర్లించి పని చేస్తున్నాడు. దగ్గరికి పోయి చూసి కొయ్యబారిపోయాను. పడవను కుడుతున్నాడు! బల్లకు బల్లకు మధ్య కొబ్బరితాడు దూర్చి, విస్తరి కుట్టినట్టు కుడుతున్నాడు. చుట్టూ తిరిగి చూశాను. ఒక్క మేకు లేదు. పక్క పడవకూ లేదు. ఆ పక్కవి నాలుగు దుంగలు తాడుతో కట్టిన తెప్పలు.

"మేకు కొట్టవా అప్పన్నా?" అన్నాను.

"మేకెట్టితే కెరటం కొట్టీసరికి బల్ల ఇరిగిపోద్ది బాబూ" అన్నాడు తాడు లాగుతూ. "తాడైతే సాగుతాది. మా తాతలకాణ్ణించీ తాడే."

గోనెపట్టా చంకలోనే పెట్టుకుని వచ్చేశాను. మనిషి నీళ్ళ మీద ప్రాణం పెట్టి పోయే వస్తువులో ఇనుము అక్కర్లేదన్నమాట! దుకాణం పోయినదానికంటే ఆ సంగతే నన్ను ఎక్కువగా కుంగదీసింది. ఎందుకో చెప్పలేను.

మిగిలిన ముచ్చట కార్తీక పున్నమి తీర్చింది. ఆ సాయంత్రం ఐదింటికి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఒక కెరటం మెట్లు తడిపింది. ఆ తర్వాతది అరుగెక్కి, గడప దాటి, నా చెప్పులు తీసుకుపోయింది. నేను మంచం మీదికి ఎక్కి కేకలు పెట్టాను. అప్పన్న భార్య అప్పలమ్మ వచ్చి, "ఏటి బాబూ, పున్నమి పోటు! రేపటికి తీసీద్ది" అని నవ్వి, సామాను ఎత్తున పెట్టి వెళ్ళింది. చెరువుకు నీళ్ళు ఏడాదికి ఒకసారి పెరుగుతాయి. వీళ్ళ సముద్రం పూటపూటకు పెరుగుతుందట. ఆ మాట ముందే ఎవరూ చెప్పలేదేం?

మర్నాడు పొద్దున ఏడింటికి నర్సమ్మతో, "సామాను సర్దు. ఎల్లుండి బస్సుకు పోతున్నం" అన్నాను.

ఆమె జొన్నరొట్టె కాలుస్తోంది. వెనక్కి తిరగలేదు. "మీరు పోయి రాండ్రి. నేను రాను" అంది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నోట 'రాను' అన్న మాట నేను వినలేదు. పొరపాటున అందేమోనని మళ్ళీ చెప్పాను. ఈసారి రొట్టె దించి నాకేసి తిరిగింది.

"నేను వెల్లకిల పండుకొని నిద్రపోయి ఎన్నేండ్లయిందో మీకు ఎరుకేనా?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాను.

"తొమ్మిదేండ్లు. ఈడికొచ్చిన ఐదోనాటి సంది పండుకుంటాన్న. ఓడలకు దారి చూపే దీపం కొండ దాక నడిచిపోయి వస్తాన్న, అప్పలమ్మ తోడుంటది. మీరు తాళాలే చూసుకుంటాన్రు. నన్ను జర సూడుండ్రి."

చూశాను. పొయ్యి ముందు, పొగలో కూర్చుని ఇన్ని మాటలు ఆగకుండా చెప్పింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. పిల్లికూతలు లేవు. బుగ్గలు నిండాయి. కార్తీకం చలిలో ఆమెను అలా చూసి ఎంత కాలమైందో! దేనికోసం ఇంత దూరం వచ్చానో అది ఎప్పుడో జరిగిపోయింది. నేనొక్కణ్ణే గమనించలేదు. తుప్పు పట్టిన మేకులను ఆముదంతో తుడిచాను గానీ, పక్క మంచంలో మనిషి ఊపిరి వినలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

పదింటికి సన్యాసిరావు గారి దగ్గరికి పోయి లోపలి వీధి ఇల్లు ఇంకా ఉందా అని అడిగాను. ఉంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, ఆయన మంచితనం. ఆ సాయంత్రానికే మెట్ట మీదికి మారాం. రెండు పెట్టెలూ పాత ఇనుము కింద ఇచ్చేశాను. నేను వరంగల్ పోయి తిరిగి వచ్చేదాకా నర్సమ్మకు తోడుగా అప్పలమ్మ వచ్చి పడుకుంటానంది. చేపలమ్మే మనిషి మా ఇంట్లో పడుకోవడమేమిటని మా అమ్మ ఉంటే అడిగేది. నేను అడగలేదు.

రెండో రోజు ఉదయం ఏడింటి బస్సుకు ఒక్కణ్ణే బయలుదేరాను. దుకాణం లక్ష్మయ్య పేర రాసి ఇచ్చి, చలిబట్టలు, ఇత్తడి సామాను కొంత తీసుకుని పదిహేను రోజుల్లో తిరిగి రావాలి. నా వెనక వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఎత్తున, బావి ఉన్న ఇల్లు తీసుకోండి. సముద్రం పోయి చూసి వచ్చేదిగా ఉండాలి, అది మన ఇల్లు చూడడానికి రాకూడదు. ఇనుము తేకండి. నాలుగు రోజులకే తిట్టుకోకుండా, మీ వెంట వచ్చిన మనిషి ఎలా ఉందో చూడండి.

వాల్తేరులో మధ్యాహ్నం బండి, మర్నాడు బెజవాడలో పాసింజరు. ఖమ్మం దాటాక ఎదురుగా హసన్‌పర్తి రైతు ఒకతను కూర్చున్నాడు. మా దుకాణంలో నాగటి కర్రులు కొనేవాడే, నన్ను గుర్తుపట్టాడు. పల్లీలు నా చేతిలో పోస్తూ అడిగాడు.

"సేటూ, ఒక్కలే వస్తాన్రు? ఇంటామె ఏది?"

"ఇంటికాడ ఉన్నది" అన్నాను.

"గట్లయితే ఇంకేంది, జరసేపట్ల ఇల్లు చేరుతరు. వేడిగ ఇంత బువ్వ పెడ్తది."

అవునన్నట్టు తలూపాను, పల్లీలు ఒలుచుకున్నాను. కొంచెంసేపటికి నేనన్న మాట నాకే తెలిసివచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇల్లు ఈ బండి పోతున్న వైపు లేదు. రెండు రోజుల వెనక, మెట్ట మీద ఉంది. కిటికీలోంచి మా వైపు జొన్నచేలు, తాటిచెట్లు, తెలిసిన స్టేషన్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. యాభై ఎనిమిదేళ్ళు బతికిన ఊళ్ళో చుట్టంగా దిగబోతున్నాను.