అరచేతుల మధ్య సందు

బట్టల దుకాణం నడిపేవాడికి దండం పెట్టడం కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. జనగామలో మా గద్దె మీద కూర్చుని, కొనేవాడికీ, పొద్దంతా బేరమాడి ఉత్తచేతులతో పోయేవాడికీ ఏళ్లుగా ఒకేలా పెట్టాను. అలాంటి నాకు బిడ్డ అప్పగింతలప్పుడు చేతులు కలవలేదు.

వేళ్లు కొంతకాలంగా బిగుసుకుపోతున్నాయి. కత్తెర పట్టీ పట్టీ అలా అయిందని నాకు నేనే డాక్టరునై తేల్చేశాను. షుగరుందని తెలుసు. దానికి గోళీ వేసుకుంటున్నాను, బాలుషా కూడా తింటున్నాను. రెంటిలో దేనికీ అన్యాయం చేయలేదు.

డోర్నకల్‌లో ఉండే మా వియ్యంకుడు రైల్వేలో రిటైరైన మనిషి. పెళ్లి వీడియోను అప్పగింతల దగ్గర ఆపి ఆపి చూశాడట. అందులో నేను వంగి దండం పెడుతున్నాను గానీ, అరచేతుల నడుమ నిమ్మకాయ పట్టేంత సందు ఉంది.

"మీ బాపుకు నాకు దండం పెట్టనీకి చేతులు రాలే. గంత పొగరా?" అన్నాడట.

ఆ మాట చెప్పి బిడ్డ ఫోన్లో ఏడ్చింది. "రోజూ గిదే ముచ్చట బాపూ. అన్నం పెట్టినా గదే, చాయ్ ఇచ్చినా గదే."

అంగీ గుండీలు కూడా పెట్టుకోలేకపోయేసరికి నా భార్య దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరు నా వేళ్లు చూసి, "ఒక్కసారి దండం పెట్టండి" అన్నాడు. ఫీజు కట్టాక దండం కూడానా అని ఒళ్లు మండింది. అయినా పెట్టాను. ఆయన పక్కకు వంగి ఆ సందులోంచి చూశాడు.

"షుగరు పాతబడితే కొందరికి ఇట్లనే వేళ్లు బిగుసుకుంటయి. మిఠాయిలు తింటున్నారా?"

నాకంటే ముందే నా భార్య జవాబిచ్చింది.

మరునాడే డోర్నకల్ రైలెక్కాను. వియ్యంకుడు అంతా విని నవ్వాడు.

"నాకు లేదా షుగరు? కాళ్లకొస్తది, కండ్లకొస్తది. దండానికి ఎట్లొస్తది?"

"ఒక్కసారి మీరు పెట్టి చూడుండ్రి బావా."

"గదెంత పని" అని ఆయన చేతులు జోడించాడు. వేళ్లు కలవలేదు. గట్టిగా నొక్కాడు. మొహం ఎర్రబడింది గానీ సందు మూసుకోలేదు.

"రైల్వేల సిగ్నల్ లివర్లు గుంజీ గుంజీ గిట్లయింది" అన్నాడు చివరికి. నేను నా కత్తెర సంగతి ఎత్తలేదు.

అప్పుడే చాయ్ తెచ్చిన బిడ్డ మామ చేతులను చూసి, నవ్వాపుకోలేక కప్పులు అక్కడే పెట్టి వంటింట్లోకి పరుగెత్తింది. పెళ్లయ్యాక దాని నవ్వు వినడం నాకదే మొదలు. ప్రాణం లేచొచ్చింది.

నన్ను సాగనంపడానికి వియ్యంకుడు స్టేషన్ దాకా వచ్చాడు. రైలు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు.

"మీ డాక్టరు ఐతారం ఉంటడా బావా? ఇగ ఆ వీడియో ముచ్చట మనమిద్దరం మర్చిపోదాం."

ఇన్నాళ్లూ దాన్ని గుర్తుపెట్టుకున్నది నేనైనట్టు.