పైడిరత్నం ఆపిన స్విచ్చి

భిలాయిలో రుఆబాంధా పేటలోని ఆ చిన్న డ్రాయింగ్ ఆఫీసుకు అందరికన్నా ముందు వచ్చేది, ఆఖరున తాళం వేసేది పైడిరత్నమే. ఆమెకు కంప్యూటర్ ఇవ్వలేదు. అందుకని తన ఫోనునే డాకింగ్ పెట్టెకు తగిలిస్తుంది. బల్లమీది పెద్ద తెర వెలుగుతుంది. కీబోర్డుమీద రెండు వేళ్ళే ఆడతాయి, గాజులు మాత్రం పన్నెండూ ఆడతాయి. అలా ఆమె తయారుచేసిన ప్రతి రిపోర్టుమీదా ఇంజనీరు కిశోర్ తన పేరు వేసుకునేవాడు. అడిగితే, "అరే దీదీ, మీ పేరుంటే ఎవడు చదువుతాడు?" అని నవ్వేవాడు. భిలాయి కొలిమిలో ఇనుమైనా చల్లారుతుంది గాని, పైడిరత్నం కోపం చల్లారదు.

రోజంతా వాడిన లాప్‌టాప్‌ను కిశోర్ సాయంత్రం అదే పెట్టెకు ఛార్జింగు కోసం గుచ్చి వెళ్తాడు. వేరే ఛార్జరు మోసే అలవాటు లేదు. పెద్ద సార్ల మీటింగుకు ముందురోజు, తాళం వేయబోతూ ఆమె ఆ పెట్టెకు కరెంటిచ్చే గోడ స్విచ్చి ఆపేసింది. మర్నాడు హాల్లో రెండో పేజీకే లాప్‌టాప్ ఆరిపోయింది.

"దీదీ, నిన్న సాయంత్రమే పెట్టానే!"

"ఏటో బాబూ, నాకేటి తెలుసు?"

ఆమె వెనక కుర్చీలోంచి లేచి, సంచిలోని డాకింగ్ పెట్టె తీసి తన ఫోను తగిలించింది. గోడంత తెరమీద అదే రిపోర్టు, పైన ఆమె పేరు. పెద్ద సారు ఆ పేరును పైకే చదివాడు. పైడిరత్నం కళ్ళజోడు సవరించుకుంది.

"కిశోర్ బాబూ, మీరు కూకోండి. మిగతాది నాను సెప్తాను."