అత్త తిట్టినంత కాలం

చోడవరం చుట్టుపక్కల చెరుకు తోటలకు జడలు చుట్టే వాళ్లలో నూకరత్నానిది చురుకైన చెయ్యి. గాలివాన రాకముందే నాలుగు గడల్ని దగ్గరకు లాగి, వాటి ఎండుటాకులతోనే పేని, ఒకదానికొకటి ఆసరాగా నిలబెడుతుంది. తోటలో ఉన్నంతసేపూ ఆమెకు దేనిమీదా అనుమానం ఉండదు. ఇంటికొచ్చి బియ్యం డబ్బా మూత తీసినప్పుడే మొదలవుతుంది. బియ్యం అడుగున తను దాచిన మాత్రల షీటు ఒకటి ఉంది.

ఆ మాత్రను ఆమె ఎరుగును. దేవరాపల్లిలో ఇచ్చిన తన తోడబుట్టిన అప్ప మంగాయమ్మ రొమ్ము కేన్సరుకు వైద్యం చేయించుకుంటూ వీళ్లింట్లోనే ఉన్నప్పుడు, ఇదే మాత్రను నూకరత్నమే రోజూ ఆమె చేతిలో పెట్టేది. "ఏటే ఇది?" అని అప్ప అడిగితే, "బలానికే అప్పా, నీకేటీ లేదు" అనేది. ఇంటిల్లిపాదీ అదే మాట చెప్పారు. మంగాయమ్మ ఆ మాట నమ్మినట్టే కళ్లు మూసింది. అంతకు ముందు అమ్మ వెళ్లిందీ ఆ జబ్బుతోనే.

ఇప్పుడు విశాఖపట్నం డాక్టరమ్మ ఆ 'ఏటీ లేదు' అన్న మాటే తనతో అంది. రొమ్ముకు ఫోటో తీసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, "జబ్బు లేదమ్మా. కానీ లోపల కణాల నడత బాగాలేదు. మీ అమ్మకీ అక్కకీ వచ్చింది కాబట్టి మీకు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఐదేళ్లు రోజుకో మాత్ర వేసుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది" అంది. ఒంట్లో ఆవిర్లు రావచ్చంది. కాలు వాచినా, నెలసరి కాని రక్తం కనబడినా వెంటనే రమ్మంది. తర్వాత మొగుడు దాసుని పక్కకు పిలిచి ఏదో చెప్పింది. తలుపు సందులోంచి అది చూసింది నూకరత్నం.

జబ్బు లేకపోతే అప్ప మింగిన జబ్బు మాత్రే తనకెందుకు?

కొన్నాళ్లు మింగింది. ఆవిర్లు మొదలయ్యాయి. బెల్లం పొయ్యి సెగ మెడ కింద లేచి చెవుల దాకా పాకినట్టు ఉండేది. అప్పకీ ఇలాగే వచ్చేవి. పైగా దాసు మారిపోయాడు. కూరకు వంక పెట్టనిదే ముద్ద దిగని మనిషి, ద్రాక్షపళ్లు పట్టుకొస్తున్నాడు. అప్పకి ఆఖర్న తెచ్చినవీ ద్రాక్షపళ్లే. అప్పని బతికించని మాత్ర తనని మాత్రం ఏం బతికిస్తుంది? మానేసింది.

ఇక తేల్చవలసింది అత్త అచ్చియ్యమ్మ. ఆమె నోటికి జడిసి వీధి కుక్కలు కూడా అవతలి వారనే నడుస్తాయి. అలాంటిది, మంగాయమ్మ మంచాన పడ్డాక అదే అచ్చియ్యమ్మ ఆమెకి తల దువ్వింది, అన్నం కలిపి తినిపించింది, పల్లెత్తు మాట అనలేదు. ఆ ఇంట్లో ప్రేమ చావుకు ముందొచ్చే చుట్టం. అందుకే నూకరత్నం అత్త చేతుల్నే కనిపెడుతోంది. అవి తన తలమీదికి ఎప్పుడొస్తాయా అని.

ఒక ఆదివారం ఎండు నెత్తళ్ల పులుసులో కావాలనే గుప్పెడు ఉప్పు అదనంగా వేసింది.

దాసు ముద్ద పెట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగేశాడు.

"బాగుందా?"

"బాగుంది."

ఆ మాట ఆ ఇంట్లో నూకరత్నం ఎన్నడూ వినలేదు.

అంతలో అచ్చియ్యమ్మ కంచం నేలమీద టంగుమంది.

"ఏటే ఇది? పూడిమడక సముద్రం తెచ్చి కుండలో పోసేవా? నీ సేతులిరిగిపోను! ఆడంటే మొద్దెదవ, గడ్డెట్టినా తింటాడు. నాకు బీపీ ఉందని తెలీదా? నన్ను సంపేసి నా కమ్మలెట్టుకుందావనా?"

"అత్తా, నిజం సెప్పు. నాకు రోగం ఉందా?"

"నీకు రోగవా? గేదెలాగున్నావు. నీకున్న రోగవల్లా వంట రాకపోడవే!"

నూకరత్నం మొగుడి వేపు తిరిగింది. "మరి ఆ రోజు డాక్టరమ్మ నీకేటి సెప్పింది?"

దాసు నసిగాడు. "మందేసుకుంటే దానికి సిరాకొస్తది, నువ్వు దెబ్బలాడకు, నోరు మూసుకో అంది. అందికే మూసుకున్నాను. ద్రాక్షపళ్లు నా అంతట నేనే తెచ్చేను."

"ఉప్పు తెలీలేదా?"

"తెలీకేటే, నాలిక మండిపోతంది!"

నమ్మాలా? అప్ప కూడా ఇలాగే నమ్మింది కదా. ఆలోచన తెగకుండానే ఆవిరి లేచింది. మెడ, చెంపలు, చెవులు. రవిక తడిసిపోయింది. దాసు గబుక్కున లేచి టేబుల్ ఫ్యాను ఆమె వేపు తిప్పాడు. అప్పుడు అచ్చియ్యమ్మ చెయ్యి లేచింది. అది ఎటొస్తుందా అని చూసింది నూకరత్నం.

ఆ చెయ్యి ఫ్యాను మెడ పట్టుకుని తన వేపే లాక్కుంది.

"ముసల్దాన్ని ఉడకబెట్టేస్తారేటి? వయసులో ఉన్న గుంట, దానికెందుకురా గాలి!"

నూకరత్నానికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటే కన్నీళ్లూ వచ్చాయి. లేచి వెళ్లి బియ్యంలో చెయ్యి పెట్టి షీటు పైకి తీసింది. అప్పకి ఇది తోట పడిపోయాక అందింది. అత్త తిట్లే నిజమైతే, తనకి గడలు నిలబడి ఉండగానే అందింది. మాత్ర మింగి నీళ్లు తాగింది.

అనుమానం పూర్తిగా పోలేదు. అత్తకి బీపీ కదా, ఇంకెప్పుడూ ఉప్పు జోలికి పోకూడదనుకుంది. వచ్చే ఆదివారం కారం వేసి చూడాలి.