ఉత్తుత్తి బావగారు

మనిషి మొదటిసారి నిప్పు రాజేసిన నాటినుంచి నీళ్ళు మరగబెట్టిన ప్రతివాడూ కుండను పొయ్యిమీదికి ఎక్కించినవాడే గాని, కుండా పొయ్యీ లేకుండానే నీళ్ళు మరిగించి, పొంగించి, పేల్చి, కుర్చీలోంచి లేవకుండా చల్లార్చగల మహానుభావుణ్ణి కాలపురుషుడు మన విద్యుత్కేంద్రం కోసమే దాచి ఉంచాడు.

బాయిలరును అదుపు చేసే పద్ధతులు కట్టడం ఆయన ఉద్యోగం. ఏ పద్ధతినైనా ముందు కంప్యూటరులోని నకిలీ బాయిలరు మీద నడిపి చూడనిదే అసలుదాన్ని తాకనివ్వడు. ఆఫీసువారు దాన్ని సిమ్యులేషన్ అన్నారు. ఇల్లాలు ఉత్తుత్తి అంది. ఆమె తమ్ముడు ఆ కేంద్రంలోనే బాయిలరు నడిపేవాడు. అతడి నోట అది ఉత్తుత్తి బావగారైంది.

ఇంట్లోనూ అదే వరస.

"కూర ఎలా ఉందో చెప్పడానికి ఇంతసేపా?" అందామె ఒకనాడు.

"ఉప్పెక్కువని మనసులో మూడు విధాల చెప్పి చూశాను. మూడింటా నువ్వే గెలిచావు. కూర అమృతం."

ఇంతలో తమ్ముడికి కష్టం వచ్చింది. ఊరు ఒక్కసారిగా కరెంటు ఎక్కువ లాగితే బాయిలరు డ్రమ్ములో నీరు పాలలా పొంగుతుంది. నిండినట్టు కనిపిస్తుందే గాని నిజానికి తరిగిపోతుంటుంది. ఆ పొంగు నమ్మి అతడు లోపలికి వచ్చే నీళ్ళు ఆపేశాడు. నీరు చాలక బాయిలరు ఆగింది, ఊరు చీకటైంది. బావగారు కడుతున్న కొత్త పద్ధతి పరీక్షనాడు అతడి కుర్చీలో వేరొకరిని కూర్చోబెడతానన్నాడు పెద్ద ఇంజనీరు.

ఆనాటినుంచి బావగారు అతణ్ణి రోజూ ఉత్తుత్తి బాయిలరు ముందు కూర్చోబెట్టాడు. అది రోజూ పొంగేది. అతడు రోజూ నీళ్ళు ఆపేసేవాడు.

"చచ్చింది," అనేవాడు బావగారు తృప్తిగా. "ఇంకోసారి చంపు."

"నన్ను ఏడిపించడానికే కదూ, బావా?"

"నీ పని నువ్వు కానీ, నాయనా."

పరీక్షనాడు అతడు కుర్చీ వదులుకుంటానని చెప్పడానికి పెద్ద ఇంజనీరు గదికి వెళ్ళాడు. లోపల రెండు గొంతులు. రెండూ బావగారివే.

"మీ బావమరిది పిరికివాడయ్యా," అంది బొంగురు గొంతు.

"పొంగు చూస్తే ఎవరి చేయైనా తొందరపడుతుందండీ. తప్పు చేతిది కాదు, నేను కట్టిన పాత పద్ధతిది. అది నీటిమట్టాన్ని మాత్రమే చూసేది. కొత్తది బయటికి పోయే ఆవిరిని కూడా చూసి నీళ్ళిస్తుంది. అతడి చేతిని ఇన్నాళ్ళూ గమనించాకే ఆ కొత్తదాన్ని కట్టాను. కుర్చీ అతడిదే."

"కుదరదు."

"అయితే మళ్ళీ మొదటినుంచి."

తమ్ముడి వెనక ఎవరో దగ్గారు. అసలు పెద్ద ఇంజనీరు.

"నా గొంతు అంత మోటుగా ఉంటుందా?" అని తలుపు తోశాడు. "లోపల నేను ఒప్పుకున్నానా?"

"ఇంకా లేదండీ."

"బయట ఒప్పుకున్నాను. కూర్చోబెట్టు."

పరీక్షలో నీరు పొంగింది. తమ్ముడి చేయి లేచింది. తాను చంపిన బాయిలర్లన్నీ గుర్తొచ్చి, మెల్లగా ఒళ్ళోకి దిగింది. కొత్త పద్ధతి నీళ్ళిస్తూనే ఉంది. పొంగు అణిగింది. ఊళ్ళో ఒక్క దీపమైనా రెప్ప వేయలేదు.

"బతికింది," అన్నాడు బావగారు, కొంచెం నిరాశగా.

ఆ మహానుభావుడి ఆపదలన్నీ ఉత్తుత్తివే అగుగాక. ఆ ఇంటి వెలుగు, ఆ బావమరిది కుర్చీ, ఆ ఇల్లాలి గెలుపు మాత్రం నిజమై నిలుచుగాక.