వెళ్ళొస్తానన్న మనిషి

సముద్రం అవతల మేముండే సంచౌంగ్ పేటలో, మా పై అంతస్తులో ఉండే ఫిలిప్పీన్స్ టీచరమ్మను చూడటానికి ఆమె తల్లి వచ్చి ఉన్న రోజుల్లోనే మా నాన్న పోయాడు. ఆ తల్లి తన ప్రావిన్సులో కౌన్సిల్ మెంబరుగా మొదలై వైస్ గవర్నర్ దాకా ఎదిగి, కిందటి ఎన్నికల్లో ఓడిపోయింది. "మా అమ్మ ఒక్క చావూ వదిలేది కాదు. మా దగ్గర ఓట్లు చావు ఇళ్ళల్లోనే దొరుకుతాయి" అని కూతురు నాతో నవ్వుతూ అనేది.

నాన్నను సాగనంపాక, పలకరించడానికి వచ్చినవాళ్ళంతా మా ఆచారం ప్రకారం మాట చెప్పకుండానే లేచి వెళ్ళిపోయారు. టీచరమ్మ తల్లి మాత్రం గుమ్మం దగ్గర ఆగి, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా మా అమ్మ దగ్గర విని నేర్చుకున్న మాటే అమ్మకు చెప్పింది.

"వెళ్ళొస్తానమ్మా."

మా మేనత్త నోరు నొక్కుకుంది. "ఇదేటమ్మా! సావింట్లో ఎల్లొస్తానంటాదేటి? మళ్ళీ సావు రావాలనేటి?"

నాకూ ఒళ్ళు మండింది. ఇన్ని చావులకు తిరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా? ఓట్ల కోసం పట్టిన అలవాటు ఊరు మారినా పోలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆవిడ, పొయ్యి వెలిగించని మా ఇంటికి ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చి, అమ్మ పక్కన నేలమీద కూర్చుంది. ఆ మర్నాడూ వచ్చింది. అంతవరకూ బిగబట్టుకున్న అమ్మ ఆవిడ భుజం మీదే భోరుమంది. ఆచారం తప్పకుండా వెళ్ళిన మావాళ్ళెవరూ పెద్దకర్మ దాకా ఇటు తొంగిచూడలేదు.

ఆవిడకు వెయ్యడానికి మా ఇంట్లో ఒక్క ఓటూ లేదు.