ఆఖరి స్థానం పున్నారావుదే

పున్నారావు నడవడు. కాళ్ళు లేక కాదు, రెండూ దివ్యంగా ఉన్నాయి. గిలకలదిండిలో ఏళ్ళ తరబడి చేపల బోటు నడిపిన మనిషి కదా, నేల మీద కాలు పెట్టి నడవడం తన హోదాకి తక్కువని ఆయన సిద్ధాంతం. వీధి చివర టీకొట్టుకి కూడా టీవీఎస్ బండి మీదే వెళ్తాడు.

ముదినేపల్లిలో ఓ పెళ్ళికి వెళ్తే అక్కడ బఫే పెట్టారు. పున్నారావు అలిగి కుర్చీలోంచి లేవలేదు. "తిండి మనిషి దగ్గరకి రావాలిగానీ, మనిషి తిండి దగ్గరకి వెళ్ళడమేంటండీ? మనమేమన్నా గేదెలమా?" అన్నాడు. పెళ్ళివారే దిగొచ్చి కుర్చీ దగ్గరకే వడ్డించారు.

ఇలాంటి మొండిఘటానికి షుగరొచ్చింది. కోడలు రేవతి ఊరుకుంటుందా? మావయ్య ఫోన్లో నడక యాప్ వేసింది. గంటకోసారి అందులోంచి ఓ ఆడగొంతు "లేవండి, కాసేపు నడవండి" అనేది.

"ముందు నువ్వు లేచి నడువు, చూస్తాను!" అనేవాడు పున్నారావు మంచం మీంచి.

"మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉంది."

"చేతుల్లో ఉంటే మరి కాళ్ళనెందుకు తిప్పడం?"

వారం తిరక్కుండానే ఆ యాప్ తీయించేశాడు. "తుఫానుకే లొంగనివాణ్ణి, దీనికి లొంగుతానా?" అన్నాడు.

పక్కింట్లో ఆయన బావమరిది పోలయ్య ఉంటాడు. పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడుస్తున్నాడు. డాక్టరు నడవమంటే, ఆయన సిగ్గుపడి గడప దాటడు. రేవతి ఆయన ఫోన్లోనూ యాప్ వేసి, మావయ్యని తప్ప ఇంటిల్లిపాదినీ ఓ గ్రూపులో చేర్చింది. ప్రతి ఆదివారం ఎవరెంత నడిచారో వరసగా పేర్లొస్తాయి. మొదటి వారం పోలయ్య పేరు అట్టడుగున వచ్చింది, పక్కన ఓ ఏడుపు బొమ్మతో సహా.

"నా కుంటికాలు అందరికీ చూపించడానికా అమ్మాయ్ ఇది? ఇంక నేను నడవను," అని పోలయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేవతి మనసు చివుక్కుమంది. నడక మానితే ఆ కాలు ఇక స్వాధీనంలోకి రాదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఆ సాయంత్రమే పున్నారావు తన ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఆ యాప్ మళ్ళీ వేసి, నన్నూ ఆ గ్రూపులో కలుపు." మావయ్యకి బుద్ధొచ్చిందని రేవతి మురిసిపోయింది.

బుద్ధీ లేదు, పాడూ లేదు! ఆ వారం నుంచి ఆఖరి స్థానం పున్నారావుదే, అదీ సున్నాతో. ఏడుపు బొమ్మ ఆయన పక్కనే కాపురం పెట్టింది. ఆదివారం వస్తే చాలు, పోలయ్య గోడ మీంచి కేకేసేవాడు.

"బావోయ్! ఈ వారం కూడా నువ్వు నా కిందే!"

"ఉంటాను! నా ఇష్టం! ఏడిస్తే ఆ బొమ్మ ఏడుస్తుంది, నాకేంటి?"

"సిగ్గులేదూ?" అనేది భార్య వెంకటరత్నమ్మ.

"సిగ్గున్నవాళ్ళు నడుస్తున్నారుగా!"

కొన్నాళ్ళకి బందరులో పరీక్ష చేయిస్తే పున్నారావు షుగరు దిగింది. "బాగా నడుస్తున్నట్టున్నారే," అన్నాడు డాక్టరు. రేవతికి మతిపోయింది. మంచం దిగని మనిషికి షుగరు దిగడమేంటి?

సాయంత్రం వెళ్ళి చూస్తే, దిండు కింద ఫోను "లేవండి, లేవండి" అని మొత్తుకుంటోంది. మనిషి లేడు, బండీ లేదు. వెతుక్కుంటూ ఐసు ఫ్యాక్టరీ వెనక రోడ్డుకి వెళ్ళింది. అక్కడ పున్నారావు ఇంజను ఆపిన బండిని తోసుకుంటూ చెమటలు కక్కుతూ నడుస్తున్నాడు. దాని సీటు పట్టుకుని పోలయ్య పక్కనే అడుగులేస్తున్నాడు. అలిసిపోతే ఎక్కి కూర్చోవడానికన్నమాట ఆ బండి.

"ఇంత నడుస్తున్నావు, మరి నీ అంకె పెరగదేం బావా?" అంటున్నాడు పోలయ్య.

"నా ఫోనూ నాలాంటిదేరా, కదలదు. కాలు సరిగ్గా ఎత్తు! నాలాంటి సోమరి చేతిలో ఓడిపోతావా?"

రేవతిని చూసి పున్నారావు కళ్ళెర్రజేశాడు. దగ్గరకొచ్చి, పోలయ్యకి వినపడకుండా గదమాయించాడు. "ఇంట్లో నోరు విప్పావో, ఊరుకోను! ఆ ఆఖరి కుర్చీ నాది. ఇంకెవర్నీ కూర్చోనివ్వను."

తరవాతి ఆదివారం పోలయ్య కేక వీధంతా వినపడింది. "అమ్మాయ్! ఈసారి నిన్ను కూడా దాటేశాను!"

"అయ్యో, ఎంత పని జరిగింది!" అని రేవతి బుగ్గలు నొక్కుకుంది.

పున్నారావు అనుమానంగా కోడలి వంక చూశాడు. "నీ ఫోనెక్కడమ్మా?"

వారం రోజులుగా అది బియ్యం డబ్బా మీద హాయిగా పడుకుని ఉంది.